ఓషిమాకు వెళ్తున్నారా? ముందు పడవ ఏ రేవుకి వస్తుందో కనుక్కోండి

టోక్యోలో ఉంటున్న మనవాళ్లు "రెండు రోజులకి దగ్గర్లో ఏదైనా దీవి చెప్పండి" అని అడిగితే నేను ఇజు ఓషిమా పేరే చెబుతాను. చెబుతూనే ఒక షరతు కూడా పెడతాను. కొండెక్కి, ఫొటోలు దిగి, మధ్యాహ్నం పడవకి వెనక్కి వచ్చేసే ఆలోచన ఉంటే మాత్రం వద్దు, దానికి టోక్యో దగ్గరి కొండ ప్రాంతం హకోనే చాలు. ఓషిమాలో 7 వేల మంది దాకా కాపురం ఉంటున్నారు. వాళ్ల నడినెత్తిన అగ్నిపర్వతం ఉంది. రేవులు ఎక్కడ ఉండాలి, రోడ్డు ఎటు పోవాలి, నీళ్లు ఎక్కడ తోడుకోవాలి అన్నవన్నీ ఆ కొండే తేల్చింది. ఊరి ఆఫీసు అర్ధరాత్రి ఏ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినా దాని వెనక కూడా కొండే ఉంటుంది. ఆ సంగతి గమనించుకుంటూ తిరిగితే ఈ దీవి రుచి తెలుస్తుంది.

మా నాన్న పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యారు. ఆయన టోక్యో వచ్చినప్పుడు ఓషిమాకి తీసుకెళ్లాను. అందరూ కొండ వైపు చూస్తుంటే ఆయన నోటీసు బోర్డుల ముందు నిలబడి "ఏమ్మా, దీని మీద సంతకం ఎవరిది?" అని అడుగుతారు. కింద రాసినదాంట్లో సగం ఆయన ప్రశ్నల పుణ్యమే.

ముందు ప్రయాణం సంగతి. హమమత్సుచో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో తకెషిబా రేవు ఉంది. అక్కడి నుంచి తోకాయ్ కిసెన్ వాళ్ల పడవలు బయల్దేరతాయి. జెట్‌ఫాయిల్ ఎక్కితే 1 గంట 45 నిమిషాల్లో చేరిపోతారు. నన్నడిగితే రాత్రి బయల్దేరే పెద్ద ఓడ ఎక్కండి. తెల్లవారుజామున 6 గంటల ప్రాంతంలో దింపుతుంది, రోజంతా చేతిలో ఉంటుంది. చవక టికెట్టుకి కార్పెట్ నేల మీద పడుకునే చోటు ఇస్తారు, దుప్పటి అద్దెకి దొరుకుతుంది. గురక పెట్టేవాళ్లు ఎలాగూ ఉంటారు కాబట్టి చెవుల్లో పెట్టుకోవడానికి దూది తీసుకెళ్లండి.

ఇక అసలు విషయం. ఓషిమాలో ప్రయాణికుల ఓడలు వచ్చే రేవులు రెండు. పడమటి ఒడ్డున మోతోమాచి, ఉత్తరాన ఒకాడా. ఏ రోజు పడవ ఏ రేవుకి వస్తుందో ఆ రోజు గాలిని, అలలని బట్టి పొద్దున్నే ప్రకటిస్తారు. ముందు రోజు ఎంత అడిగినా ఎవరూ చెప్పరు, చెప్పలేరు కూడా. చలికాలంలో పడమటి గాలి గట్టిగా కొడుతుంది, స్థానికులు దాన్ని "నిషి" అంటారు. నిషి వీచిన రోజు మోతోమాచి రేవులో ఓడ నిలవదు, ఒకాడాకి పోతుంది. బస్సులు కూడా ఆ రోజు రేవుని బట్టే నడుస్తాయి. అద్దె కారు తీసుకునేవాళ్లు కారు ఏ రేవు దగ్గర తిరిగి ఇవ్వాలో ఉదయమే ఫోన్ చేసి కనుక్కోండి. రెండు రేవులూ కుదరని రోజులుంటాయి, అప్పుడు పడవే రద్దవుతుంది. అందుకని తిరుగు ప్రయాణం మర్నాడే ఆఫీసులో ముఖ్యమైన మీటింగ్ పెట్టుకోవద్దు. టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు.

బయల్దేరే ముందు ఒక పది నిమిషాలు మ్యాప్ ముందు కూర్చోండి. దీవి వైశాల్యం సుమారు 91 చదరపు కిలోమీటర్లు, ఇజు దీవులన్నింటిలో ఇదే పెద్దది. టోక్యో నడిబొడ్డు నుంచి దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్లు. ఇజు ద్వీపకల్పం అయితే 25 కిలోమీటర్ల దూరంలోనే ఉంది, ఆకాశం శుభ్రంగా ఉన్న రోజు మోతోమాచి ఒడ్డు నుంచి ఫుజి కొండ కూడా కనిపిస్తుంది. దీవి ఆకారం గమనించండి. గుండ్రంగా ఉండదు. వాయవ్యం నుంచి ఆగ్నేయం వైపు సాగదీసినట్టు ఉంటుంది. కారణం భూమి లోపల ఉంది. ఫిలిప్పీన్ సముద్ర ఫలకం, అంటే మెల్లగా కదిలే భూమి పైపొర ముక్క, నెడుతున్న ఒత్తిడికి భూమి ఆ దిశలోనే పగులుతుంది, కింద నుంచి వచ్చే శిలాద్రవం ఆ పగుళ్ల వెంటే పైకి వస్తుంది. పాత చిన్న చిన్న అగ్నిబిలాలన్నీ అదే గీత మీద వరసగా ఉంటాయి. ఈ గీతని గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు ఊళ్లు. మోతోమాచి, ఒకాడా, సెంజు, నోమాషి, సాషికిజి, హబు. ఈ ఆరూ ఒకప్పుడు వేర్వేరు గ్రామాలు. 1955 ఏప్రిల్ 1న కలిసి ఓషిమా పట్టణమయ్యాయి. ఆరింటినీ మ్యాప్ మీద చుక్కలు పెట్టి చూస్తే తూర్పు ఒడ్డు బోసిగా ఉంటుంది. సెంజు దాటాక హబు వచ్చేదాకా ఊరనేదే తగలదు, అంతా నిటారు ఒడ్డు, అడవి. దీవి చుట్టూ రోడ్డు మొత్తం 50 కిలోమీటర్లకి కాస్త తక్కువే. అయినా ఆ తూర్పు భాగంలో కారులో పోతుంటే ఎదురుగా మనిషి కనపడడం అరుదు.

మొదటి రోజు పొద్దున్నే కొండకి వెళ్లిపోండి. మధ్యాహ్నానికి మబ్బు దిగుతుంది. మోతోమాచి నుంచి మిహారా కొండ మీది "సాంచోగుచి" దాకా బస్సు ఉంది, అరగంట కూడా పట్టదు. బస్సు దిగిన చోట నిలబడి చూస్తే ఎదురుగా పెద్ద పళ్లెం లాంటి మైదానం, దాని మధ్యలో మిహారా శంకువు. ఆ పళ్లెమే కాల్డెరా, పాత పేలుళ్లలో కూలిపోయిన కొండ తల. ఇప్పుడున్న కొండ ఎత్తు 758 మీటర్లు. సిమెంటు దారి వెంట ముప్పావు గంట నడిస్తే శంకువు పైకి చేరతారు. అక్కడి నుంచి నోటి చుట్టూ తిరగడానికి ఇంకో ముప్పావు గంట. దారి సులువే, గాలే మనిషిని తోసేస్తుంది. ఎండాకాలంలో కూడా పైకి పల్చటి గాలికోటు ఒకటి ఉంచుకోండి, నీళ్లు కింది నుంచే తీసుకెళ్లండి.

దారికి అటూ ఇటూ ఉన్న నల్లటి లావా 1986 నాటిది. కొండ పక్కన పైనుంచి కిందికి కారిన నల్లటి చారలు కూడా అప్పటివే. ఒకచోట వంగి దగ్గరగా చూడండి. కొన్ని రాళ్లు గరుకుగా, చేత్తో రుద్దితే చర్మం గీసుకుపోయేట్టు ఉంటాయి. పక్కనే ఇంకొకటి తాడు పేనినట్టు మెలికలు తిరిగి నున్నగా ఉంటుంది. రెండూ ఒకే కొండ కక్కినవే. చల్లారే తీరు, పారే వేగం తేడా వల్ల అలా అయ్యాయి. ఆ సందుల్లో గడ్డి, పొదలు మొలుస్తున్నాయి. నాన్న ఒక రాయి చేతిలోకి తీసుకుని "ఇంత తేలికా!" అన్నారు. లోపలంతా గాలి బుడగలే. జేబులో మాత్రం వేసుకోవద్దు, ఇది ఫుజి హకోనే ఇజు జాతీయ ఉద్యానవనం, రాయి కూడా తీయకూడదు.

పైన మిహారా గుడి ఉంది. 1986లో లావా గుడి దాకా వచ్చి, రెండుగా చీలి, అటూ ఇటూ పారిపోయింది. చిన్న గుడి అలాగే నిలిచింది. దీవివాళ్లు కొండ నిప్పుని "గోజింకా" అంటారు, దేవుడి మంట అని. అంత భక్తి ఉన్నవాళ్లు దారి పొడవునా కాంక్రీటు షెల్టర్లు కూడా కట్టుకున్నారు. రాళ్లు పడితే దూరడానికి. మీరు నడిచేటప్పుడు మీకు దగ్గరలో ఉన్న షెల్టర్ ఎక్కడో చూసుకుంటూ నడవండి. నోటి అంచు నుంచి లోపలికి చూస్తే సుమారు 300 మీటర్ల వెడల్పు, 200 మీటర్ల లోతు గుంత. అక్కడక్కడా ఆవిరి లేస్తుంటుంది.

వెళ్లే ముందు జపాన్ వాతావరణ సంస్థ వాళ్ల అగ్నిపర్వత హెచ్చరిక స్థాయి ఒకసారి చూసుకోండి. 1 నుంచి 5 దాకా ఉంటుంది. 1 అంటే మామూలుగా తిరగొచ్చు. 2 అంటే నోటి దగ్గరికి పోకూడదు. 3 అంటే కొండ ఎక్కకూడదు. 4, 5 అయితే ఊళ్లో ఉన్నవాళ్లే కదలాల్సిన పరిస్థితి. స్థాయి చెప్పేది దేశ ప్రభుత్వ సంస్థ. దారి మూసేది, జనాన్ని కదిలించేది మాత్రం ఊరి మేయరు. ఈ తేడా దగ్గరే నాన్నకి ఆసక్తి మొదలైంది. "అంటే వాళ్లు చెబుతారు, ఈయన మోస్తాడు" అన్నారు. నలభై ఏళ్ల సర్వీసు మాట అది.

కొండ ఎప్పుడు లేస్తుందో లెక్క కట్టడం దీవిలో అందరికీ అలవాటు. 1912లో ఒకసారి పెద్దగా లేచింది. తర్వాత 1950లో. ఆ తర్వాత 1986లో. మధ్య దూరం 38, 36 ఏళ్లు. మిగతా కూడిక మీరే చేసుకోండి. కొండ క్యాలెండరు చూసుకుని లేవదు, కానీ ఊళ్లోవాళ్లు ఆ కూడిక మర్చిపోరు. భూమి మెల్లగా ఉబ్బుతోందా లేదా అని పరికరాలతో రాత్రింబవళ్లు కనిపెడుతూనే ఉంటారు.

కాళ్లలో ఓపిక ఉంటే కొండ తూర్పు వైపు "ఉరా సబాకు" చూడండి. నల్లటి గులకల మైదానం, పచ్చగడ్డి పరకైనా కనిపించదు. జపాన్ ప్రభుత్వ పటాల్లో ఎడారి అని రాసి ఉన్న చోటు ఇదే. మనిషి ఎత్తున కూడా అడ్డం లేదు కాబట్టి మంచు కమ్మితే దిక్కు తెలియదు. మబ్బు రోజు వెళ్లొద్దు.

కొండ దిగాక దీవి నైరుతి వైపు రోడ్డు పట్టండి. నోమాషి దాటి సాషికిజి వెళ్లే దారిలో, రోడ్డు పక్కనే 600 మీటర్ల పొడవున, 24 మీటర్ల ఎత్తున కోసిన మట్టిగోడ ఉంటుంది. అక్కడ బస్సు ఆగుతుంది, ఆ స్టాపు పేరే పొరల గోడ అని. 1953లో రోడ్డు వేయడానికి తవ్వితే బయటపడింది. గోడ నిండా నలుపు, గోధుమ, బూడిద రంగు చారలు అలల్లాగా పైకీ కిందికీ ఊగుతూ పోతాయి. జపాన్ వాళ్లు దీన్ని బామ్‌కూహెన్ అని ముద్దుగా పిలుస్తారు, పొరలు పొరలుగా ఉండే జర్మన్ కేకు పేరది.

చూసిన ప్రతివాళ్లూ అనుకునేది ఒకటే: భూకంపానికి నేల మడతపడింది అని. నాన్న కూడా అదే అన్నారు. కాదు. నేల మడతపడనే లేదు. అప్పటికే అక్కడ గుట్టలూ పల్లాలూ ఉన్నాయి. కొండ లేచిన ప్రతిసారీ బూడిద, గులకలు పైనుంచి పడి, కప్పిన దుప్పటి పడుకున్న మనిషి ఒంటి వంపుల్ని పట్టుకున్నట్టు ఆ గుట్టల్నీ పల్లాల్నీ పట్టుకుని పేరుకున్నాయి. ఒక్కో పొరా ఒక్కో విస్ఫోటనం. గోడలో ఇలాంటివి వంద దాకా ఉన్నాయంటారు. గోడకి దగ్గరగా నిలబడితే ఒక పొర లోపల కూడా తేడా తెలుస్తుంది. అడుగున ముతక గులకలు, పైకి పోయేకొద్దీ సన్నటి బూడిద. రెండు పొరల మధ్య సన్నటి గోధుమ రంగు మట్టి చార కనిపిస్తే అది కొండ నిద్రపోయిన కాలం, గాలికి దుమ్ము పేరుకున్న కాలం. ఆ చారలు ఎంత పల్చగా ఉన్నాయో చూడండి. మోతోమాచి పైన ఉన్న వాలు గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ మట్టి సంగతి మళ్లీ వస్తుంది.

ఇంకా కిందికి పోతే హబు. గుండ్రటి చిన్న రేవు, చుట్టూ నిటారు గట్టు. దాన్ని పైనుంచి చూడండి, వ్యూపాయింట్ ఉంది. చూడగానే తెలిసిపోతుంది అది అగ్నిబిలమని. ఇందాకటి గీత దక్షిణపు కొసన, శిలాద్రవం భూగర్భ జలాన్ని తాకి పేలితే పడిన గుంత అది. చాలాకాలం మంచినీటి చెరువుగా ఉండేది. 1703 భూకంపం తర్వాత వచ్చిన సునామీ ఒక పక్క గట్టుని తెంచి సముద్రంతో కలిపేసింది. ఆ సందుని వెడల్పు చేసి, లోతు తవ్వి, 1800లో అకిహిరో హెయిరోకు అనే ఆయన రేవుగా మార్చాడు. తర్వాత తుఫాను వేళ దూరప్రాంతాల చేపల పడవలకి అదే దిక్కు. పడవలు వస్తే డబ్బులు వచ్చాయి, సత్రాలు వచ్చాయి. పాత చెక్క సత్రం ఒకటి ఇప్పటికీ నిలబెట్టి ఉంచారు. రేవు నుంచి పైకి రాతిమెట్లు ఉన్నాయి, ఎక్కండి. పడవల యజమానుల ఇళ్లు పైన ఉండేవి.

ఈ రేవు గట్టు మీద కూర్చునే 1986 నవంబరు కథ చెప్పుకోవాలి. నవంబరు 15న కొండ నోటి నుంచి మొదలైంది. మొదట భయం లేదు, పైగా చూడటానికి జనం టోక్యో నుంచి వచ్చారు. 21వ తేదీ సాయంత్రం 4 దాటాక కాల్డెరా నేల పగిలింది. ఆ తర్వాత పగులు కాల్డెరా బయటికి, మోతోమాచి పైవాలు మీదికి పాకింది. లావా ఊరి వైపు దిగడం మొదలెట్టింది. అధికారులు మోతోమాచి జనాన్ని బస్సుల్లో ఎక్కించి దక్షిణానికి, హబు వైపు పంపారు. ఉత్తరాన నిప్పు ఉంటే దక్షిణానికి పంపడం సబబే కదా. కానీ పగులు ఆ గీత వెంటే దక్షిణానికి కూడా సాగితే? శిలాద్రవం నీళ్లని తాకితే ఏమవుతుందో హబు గుంతే సాక్ష్యం. దానికి తోడు ఆ రేవు చిన్నది, లోతు తక్కువ, పెద్ద ఓడలు లోపలికి రాలేవు. అక్కడ చేరినవాళ్లని మళ్లీ బస్సులెక్కించి మోతోమాచికే తేవాల్సి వచ్చింది.

రాత్రి 11 కాకముందే దీవి మొత్తం ఖాళీ చేయాలన్న నిర్ణయం వెలువడింది. సుమారు 10 వేల మంది. తోకాయ్ కిసెన్ ఓడలు, తీరరక్షక దళం ఓడలు, నౌకాదళం ఓడలు రేవులకి చేరాయి. "షోబోదన్" అని ఊళ్లో స్వచ్ఛందంగా పనిచేసే అగ్నిమాపక దళం ఉంటుంది, కొట్లు నడిపేవాళ్లూ చేపలు పట్టేవాళ్లే అందులో సభ్యులు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టారు. తెల్లారేసరికి జనమంతా కట్టుబట్టలతో ఓడల మీద ఉన్నారు. ఒక్క ప్రాణం పోలేదు. లావా మోతోమాచి ఇళ్లకి చేరకుండానే ఆగిపోయింది. సుమారు నెల రోజుల తర్వాత, కొత్త సంవత్సరానికి ముందే అందరూ ఇళ్లకి వచ్చారు.

ఇదంతా విన్నాక నాన్న అడిగారు: "ఇంత పని ఎవరి ఆర్డర్ మీద జరిగింది? ఇక్కడ సర్పంచ్ అధికారాలేంటి?" కాబట్టి కొంచెం పాలన గురించి. విసుగొస్తే పేరా దాటేయండి, కానీ దాటేస్తే మోతోమాచి మీకు వట్టి బజారులాగే కనిపిస్తుంది.

పాతకాలంలో ఇది రాజ్యానికి నచ్చనివాళ్లని పారేసే చోటు. 699లో ఎన్ నో ఒజును అనే యోగిని ఇక్కడికి పంపారు, 1156 యుద్ధంలో ఓడిన మినమోతో నో తమెతోమో అనే విలుకాడిని కూడా. 1868లో మెయిజి చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం వచ్చాక దీవి ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి మారుతూ షిజువోకా చేతికి పోయి, 1878లో టోక్యో చేతికి వచ్చింది. అందుకే ఇక్కడ కార్ల నంబరు ప్లేట్ల మీద నడి టోక్యోలోని షినగావా పేరు ఉంటుంది. గ్రామాలకి స్వపరిపాలన 1908లో వచ్చింది. అది కూడా దీవుల కోసం ప్రత్యేకంగా చేసిన చట్టం కింద, మిగతా దేశంకంటే తక్కువ హక్కులతో.

అన్నింటికంటే నాకు నచ్చింది 1946 సంగతి. యుద్ధం ఓడిన తర్వాత, ఆ ఏడాది జనవరి 29న మిత్రరాజ్యాల సైన్యం ఇచ్చిన ఉత్తర్వుతో ఇజు దీవులు జపాన్ పాలన నుంచి వేరైపోయాయి. ఓషిమా జనం ఒక్కసారిగా ఏ దేశానికీ చెందనివాళ్లయ్యారు. వాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు. దీవికి సొంత రాజ్యాంగం రాసుకోవడం మొదలెట్టారు. ఓషిమా సార్వభౌమాధికారం దీవి ప్రజలదే అని అందులో రాసుకున్నారు, చట్టం చేసే సభ, పని నడిపే సంఘం ఎలా ఉండాలో రాసుకున్నారు. జపాన్ కొత్త రాజ్యాంగం ఇంకా అమల్లోకి రాని రోజులవి. మార్చి 22న దీవులు మళ్లీ జపాన్‌కి చేరడంతో ఆ కాగితాలు పక్కన పడ్డాయి, దశాబ్దాల తర్వాత గానీ బయటపడలేదు. అదంతా అమల్లోకి రాలేదు కాబట్టి మామూలు గైడు పుస్తకాల్లో ఉండదు. నా లెక్కలో మాత్రం ఆ కాగితాలు కొండతో సమానం.

ఇప్పటి ఏర్పాటు ఇది. ఊరికి "యాకుబా" అనే కార్యాలయం ఉంది, మోతోమాచిలో. దాని పెద్ద "చోచో", అంటే పట్టణ మేయరు. జనం నేరుగా ఓటేసి నాలుగేళ్లకి ఎన్నుకుంటారు. సభ్యుల సభని కూడా విడిగా ఎన్నుకుంటారు, కాబట్టి మేయరు సభ చెప్పినట్టల్లా ఆడక్కర్లేదు, సభ మేయరు చెప్పినదానికల్లా తలూపక్కర్లేదు. అదే మోతోమాచిలో టోక్యో మహానగర ప్రభుత్వం వాళ్ల "షిచో" కార్యాలయం ఇంకొకటి ఉంది. అది ఓషిమాతో పాటు తోషిమా, నీజిమా, కోజుషిమాలని కూడా చూస్తుంది. రేవులు, విమానాశ్రయం, హైస్కూళ్లు టోక్యోవి. ప్రైమరీ స్కూళ్లు, మంచినీళ్లు ఊరివి. పోలీసులు టోక్యో పోలీసులు, ఫైర్ సర్వీసు ఊరిది. మీరు తిరిగేటప్పుడు గోడల మీద, వాహనాల మీద గుర్తులు చూస్తే ఏది ఎవరిదో తెలుస్తుంది. నాన్న ఈ ఆటలో మహా హుషారుగా ఉన్నారు. ఓడలకి రేవు టోక్యోది, జనాన్ని ఓడ ఎక్కించే ఆజ్ఞ ఊరిది అని తేలాక మాత్రం కాసేపు మాట్లాడలేదు.

నీళ్ల గురించి ఒక మాట. దీవిలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా లేదు. వాన ఎంత పడినా బూడిద నేల తాగేస్తుంది. అందుకే పాత ఊళ్లు ఒడ్డు దగ్గర బావుల చుట్టూ పెరిగాయి. ఆడవాళ్లు నెత్తిన నీళ్ల కుండలు మోసేవారు. పండుగల్లో కనిపించే "అంకో" వేషంలో తలగుడ్డ, నడుముకి కట్టిన పొట్టి వస్త్రం ఆ రోజులవే. జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా త్సుబాకి పూల పండుగ జరుగుతుంది, ఎర్రటి కమీలియా పూలు. ఆ చెట్లు అందానికి నాటినవి కావు, పొలాలకి గాలి తగలకుండా వేసిన కంచెలు. గింజల నూనె ఇప్పటికీ అమ్ముతారు, జుట్టుకి చాలా బాగుంటుంది, సూట్‌కేసులో మూత గట్టిగా బిగించండి.

రెండో రోజు మోతోమాచికి కేటాయించండి. రాగానే "ఇంత పాత ఊరు, పాత ఇల్లు ఒక్కటీ లేదేం?" అనిపిస్తుంది. 1965 జనవరిలో నిప్పు అంటుకుని, ఆ గాలికి 500కి పైగా భవనాలు కాలిపోయాయి. ఇప్పుడున్న బజారంతా ఆ తర్వాతదే. పాతదనం చూడాలంటే హబునే.

బజారు నుంచి కొండ వైపు పైకి నడవండి. కాందాచి అనే పేట వస్తుంది. 2013 అక్టోబరు 16 తెల్లవారుజామున ఆ ఏడాది 26వ నంబరు తుఫానుకి ఇక్కడ కురిసిన వాన 24 గంటల్లో 824 మిల్లీమీటర్లు. పాత లావా మీద పేరుకున్న పల్చటి బూడిద మట్టి, పొరల గోడలో మీరు చూసిన జాతిదే, నీళ్లు తాగి తాగి వాలు మొత్తం ఊడి జారింది. చెట్లతో సహా ఇళ్ల మీదికి వచ్చింది. 36 మంది చనిపోయారు, ముగ్గురు ఇప్పటికీ దొరకలేదు. మట్టిపెళ్లలు విరిగిపడే ప్రమాదం ఉందని ముందు రోజు సాయంత్రమే హెచ్చరిక వచ్చింది. మేయరు, ఉపమేయరు ఇద్దరూ ఆ రాత్రి పని మీద దీవి బయట ఉన్నారు. ఖాళీ చేయమని జనానికి ఎవరూ చెప్పలేదు. చీకట్లో, ఆ వానలో జనాన్ని కదిలిస్తే దారిలోనే ప్రమాదం అన్న ఆలోచన కూడా ఉంది. తర్వాత విచారణలు, విమర్శలు చాలా జరిగాయి.

1986లో నిప్పు కనిపించింది, శబ్దం వినిపించింది, 10 వేల మంది కదిలారు. 2013లో వచ్చింది వాన. వాన ఓషిమాకి కొత్త కాదు. నా అభిప్రాయంలో తేడా అక్కడే ఉంది: ఆ ఊరు కొండ నోటిని కనిపెట్టి చూడటం నేర్చుకుంది, కొండ ఒంటిని కాదు. ఇప్పుడు ఆ వాలు మీద మట్టిని ఆపే పెద్ద పెద్ద కట్టడాలున్నాయి. అక్కడికి వెళ్తే గట్టిగా మాట్లాడకండి, ఇళ్లకి ఎదురుగా ఫొటోలు తీయకండి. ఆ పేటలో ఇప్పటికీ మనుషులు ఉంటున్నారు.

తిండి గురించి ఎక్కువ రాయను. బెక్కో అని, సోయాసాస్‌లో పచ్చిమిర్చి వేసి ఊరబెట్టిన చేప ముక్కలతో చేసే సూషీ ఉంటుంది, జపాన్ తిండిలో కారం లేదని గొణిగేవాళ్లకి ఇదే మందు. శాకాహారులకి అషితబా ఆకుల టెంపురా దొరుకుతుంది. కుసాయా అనే ఎండుచేప కాల్చుతుంటే పక్క వీధికి తెలుస్తుంది, ధైర్యం ఉంటే రుచి చూడండి. కొట్లు సాయంత్రం త్వరగా మూసేస్తారు, రాత్రి భోజనం బసలోనే చెప్పుకోవడం మంచిది. మోతోమాచి ఒడ్డున హమనోయు అనే బయటి వేడినీళ్ల స్నానాల చోటు ఉంది, ఆడా మగా అందరికీ ఒకటే, స్విమ్‌సూట్ తప్పనిసరి. పొద్దు వాలే వేళకి వెళ్లండి.

వదిలిపోయే ముందు యాకుబా ముందున్న బోర్డు, లోపల కౌంటర్ దగ్గర పెట్టే ఊరి పత్రిక చూడండి. "కోహో ఓషిమా" అని నెలనెలా వస్తుంది, ఉచితం. ఫోను కెమెరా అనువాదం చాలు, సగం అర్థమవుతుంది. వాటిలో వెతకాల్సినవి ఇవి: ఖాళీ చేయించే డ్రిల్ ఏ పేటలో ఎప్పుడు, ప్రమాద ప్రాంతాల మ్యాప్ కొత్తది వచ్చిందా, సభ సమావేశాలు ఏ తేదీల్లో. సభ జరుగుతుంటే బయటివాళ్లు కూడా కూర్చుని వినొచ్చు, పేరు రాయించుకుంటారు. మీరున్న బసలో గోడకి లేదా అల్మరా మీద చిన్న రేడియో పెట్టె ఉంటే దాని ప్లగ్ పీకొద్దు. ఊరి ప్రకటనలు వచ్చేది అందులోనే, వీధుల్లో స్తంభాలకి ఉన్న లౌడ్‌స్పీకర్లలో కూడా అదే గొంతు. నాన్నకి జపనీస్ ఒక్క ముక్క రాదు. అయినా సాయంత్రం ఆ గొంతు వినపడగానే కాఫీ కప్పు కింద పెట్టి, "ఏం చెప్తున్నారో చూడమ్మా" అన్నారు. మర్నాడు చెత్త బండి రాదట.